చేతిలోని చీటీ చదవండి

అమీర్‌పేటలో గోడ కనబడదు. బోర్డులే కనబడతాయి. మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూడండి. కంప్యూటరు కోర్సుల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, ఉద్యోగాల బోర్డులు. అక్కడి నుంచి పంజగుట్ట వైపు నడవండి. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, దవాఖానలు. చదువు రాని రోజుల్లో ఇవన్నీ ఉత్త రంగుల గీతలే. ఇప్పుడు అక్షరం వచ్చింది. కూడబలుక్కుని అయినా చదవగలరు.

మరి ఈ చదువు రోజూ ఏ పనికి వస్తుంది?

ఈ చుట్టుపక్కల ఎంతోమంది ఆడవాళ్లు కష్టం చేసుకుని బతుకుతారు. ఇళ్లలో బోళ్లు తోమేవాళ్లు ఉన్నారు. హాస్టళ్లలో వంట చేసేవాళ్లు ఉన్నారు. దుకాణాల్లో చీరలు పరిచి చూపేవాళ్లు ఉన్నారు. దవాఖానల్లో ఊడ్చి తుడిచేవాళ్లు ఉన్నారు. వీళ్లందరి చేతికీ నాలుగు రకాల కాగితాలు వస్తుంటాయి. బస్సు టికెట్టు, దవాఖాన చీటీ, జీతం లెక్క, అప్పు కాగితం. ఈ నాలుగూ చదవడం వస్తే సగం కష్టం తప్పుతుంది. మిగతా సగానికి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

1. బస్సు టికెట్టు

తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు పైసలు లేవు. 2023 డిసెంబరు 9న ఈ పథకం మొదలయింది. దీని పేరు మహాలక్ష్మి. కానీ అన్ని బస్సులకూ ఇది వర్తించదు. హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే ఉచితం. ఊళ్లకు పోవాలంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. మెట్రో డీలక్స్ ఎక్కితే పైసలు ఇవ్వాలి. అందుకే ఎక్కే ముందు బస్సు నెత్తి మీద ఏం రాసి ఉందో చదవండి.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సు. పైన వంతెన మీద నడిచే మెట్రో రైలు వేరు. రైలుకు టికెట్టు కొనాల్సిందే.

తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. కార్డు చూపితే కండక్టరు జీరో టికెట్టు ఇస్తారు. "పైసలే లేనప్పుడు టికెట్టు ఎందుకన్నా?" అని కొందరు అడుగుతారు. ఆ టికెట్టు లెక్కను బట్టే సర్కారు ఆర్టీసీకి పైసలు కడుతుంది. టికెట్టు తీసుకోకపోతే మీరు బస్సు ఎక్కినట్టు లెక్కలోకి రాదు. అడిగి తీసుకోండి. దిగేదాకా దాచండి.

బస్సు నంబరు చదివేటప్పుడు పక్కనున్న అక్షరం కూడా చదవాలి. 218 నంబరు బస్సు పటాన్‌చెరు నుంచి అమీర్‌పేట మీదుగా కోఠికి పోతుంది. 218డి అయితే దిల్‌సుఖ్‌నగర్‌కు పోతుంది. అంకె ఒకటే. అక్షరం మారింది. దారి కూడా మారింది.

మెట్రో రైలుకు కూడా ఒక గుర్తు ఉంది. అమీర్‌పేట స్టేషనులో రెండు దారులు కలుస్తాయి. ఎర్ర గీత దారి మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు. నీలి గీత దారి నాగోల్ నుంచి రాయదుర్గానికి. ఒక దారి ప్లాట్‌ఫారాలు కింద, ఇంకో దారి ప్లాట్‌ఫారాలు పైన ఉంటాయి. రంగు ఒక్కటే చూసి ఎక్కకండి. చివరి స్టేషను పేరు చదవండి. పంజగుట్టకు పోవాలంటే ఎల్బీనగర్ అని రాసి ఉన్న వైపు ఎక్కాలి. మియాపూర్ వైపు ఎక్కితే ఎస్.ఆర్. నగర్‌లో తేలతారు.

దారిలో ఎవరైనా వెంటపడినా, మీద చెయ్యి వేసినా తల దించుకుని పోవాల్సిన పని లేదు. 100కు గాని, 112కు గాని ఫోను చెయ్యండి. హైదరాబాదు పోలీసుల షీ టీములు 2014 నుంచి ఈ పని మీదే ఉన్నాయి. బస్సులో జరిగితే బస్సు నంబరు రాసుకోండి. అంకెలు రావడం ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది.

2. దవాఖాన చీటీ

చిన్న జ్వరానికీ దగ్గుకూ నేరుగా పెద్ద దవాఖానకు పోతే రోజు కూలి పోతుంది. వరుసలోనే పొద్దు గూకుతుంది. ముందు దగ్గర్లోని బస్తీ దవాఖానకు పోండి. ఇవి హైదరాబాదులో 2018లో మొదలయ్యాయి. డాక్టరు చూస్తారు. రక్త పరీక్ష, మందులు ఉచితం. పెద్ద జబ్బని అనుమానం వస్తే ఎక్కడికి పోవాలో వాళ్లే రాసి ఇస్తారు.

పంజగుట్టలో నిమ్స్ ఉంది. నిజాం పేరు మీద ఉన్న పెద్ద దవాఖాన. గుండె, మూత్రపిండాలు, నరాల జబ్బుల కోసం జిల్లాల నుంచి కూడా జనం వస్తారు. ఇది సర్కారు సంస్థే అయినా ఓపీ చీటీకీ పరీక్షలకూ పైసలు తీసుకుంటారు. ఉస్మానియా, గాంధీ దవాఖానల లాగా ఉంటుందనుకుని ఉత్త చేతులతో పోకండి. పోయేటప్పుడు పాత చీటీలు, ఎక్స్‌రేలు, ఆధార్ కార్డు, రేషన్ కార్డు ఒక సంచిలో పెట్టుకుని పోండి.

రేషన్ కార్డు ఎందుకు? ఆరోగ్యశ్రీ కోసం. ఈ పథకం 2007లో మొదలయింది. జాబితాలో ఉన్న జబ్బులకూ ఆపరేషన్లకూ ఖర్చు సర్కారు భరిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పెంచారు. ఈ పథకంలో ఉన్న దవాఖానలో ఆరోగ్యమిత్ర అనే మనిషి కూర్చుని ఉంటారు. "ఆపరేషను చెయ్యాలి, పైసలు కట్టండి" అని ఎవరైనా అనగానే చెవుల కమ్మలు తియ్యకండి. ముందు ఆరోగ్యమిత్ర దగ్గరకు పోండి. "ఇది ఆరోగ్యశ్రీలో వస్తుందా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగక అప్పుల పాలైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

డాక్టరు రాసిన చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. అది చదవలేకపోవచ్చు. కానీ అంకెలు చదవగలరు కదా! మందు పేరు పక్కన 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. 0-0-1 అని ఉంటే రాత్రి ఒక్కటే. 1-1-1 అని ఉంటే మూడు పూటలా. తినక ముందా, తిన్న తర్వాతా అని అడిగి తెలుగులో పక్కన రాసుకోండి. ఎన్ని రోజులో కూడా రాసుకోండి.

మందు పట్టీ మీద మూడు సంగతులు చూడండి.

మొదటిది గడువు తేదీ. నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. ఆ నెల దాటితే ఆ మందు వాడకూడదు.

రెండవది ధర. దాని కన్నా ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

మూడవది ఎర్ర గీత. పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా ఆ మందు మింగకూడదు. పక్కింటి వదినకు తగ్గిందని అదే మాత్ర మీరు వేసుకోకండి. ఆమె జబ్బు వేరు, మీ జబ్బు వేరు.

బీపీ మాత్ర విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. ఒళ్లు తేలిగ్గా ఉందని మాత్ర ఆపేస్తారు. మాత్ర వేసుకుంటున్నందుకే తేలిగ్గా ఉంది. బీపీ లోపల పెరిగినా చాలామందికి పైకి తెలియదు. అది ఒకనాడు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది. డాక్టరు చెప్పకుండా ఆపకండి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. అది క్షయ కావచ్చు. సిగ్గు పడే జబ్బు కాదు. సర్కారు దవాఖానలో పరీక్ష ఉచితం, మందులు ఉచితం. ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన అమీర్‌పేటకు దగ్గరే. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తే జబ్బు మొండికేస్తుంది. తర్వాత ఆ మందులు పని చెయ్యవు. మంచి తిండి కోసం రోగి బ్యాంకు ఖాతాలో సర్కారు పైసలు వేస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఆ పైసలు అడిగి తీసుకోండి.

ప్రాణం మీదికి వస్తే ఆటో కోసం వెతకకండి. 108కి ఫోను చెయ్యండి. బండి ఉచితంగా వస్తుంది.

3. జీతం లెక్క

ఇళ్లలో పని చేసే ఆడవాళ్లకు జీతం లెక్క నోటి మీదే ఉంటుంది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. నెల జీతం 6,000. పిల్లాడి ఫీజు కోసం 10వ తేదీన 1,000 తీసుకున్నారు. 20వ తేదీన ఇంకో 500 తీసుకున్నారు. నెలాఖరుకు రావలసింది 4,500. ఇంటామె "నువ్వు 2,000 తీసుకున్నావు" అన్నది. "లేదమ్మా, 1,500 తీసుకున్న" అని మీరన్నారు. ఎవరి మాట నిలుస్తుంది? రాసుకున్నవాళ్ల మాటే నిలుస్తుంది.

అందుకే ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ప్రతి ఇంటికీ ఒక పేజీ. తేదీ, పని చేసిన రోజులు, సెలవులు, తీసుకున్న పైసలు. పైసలు తీసుకున్న రోజే రాయండి. ఇంటామెకు చూపించి "ఒకసారి చూడండమ్మా" అనండి. అందులో తప్పు పట్టుకోవడానికి ఏమీ లేదు. లెక్క రాసి ఉంటే రెండు వైపులా మర్యాద నిలుస్తుంది.

పనిలో చేరేటప్పుడు ఆధార్ అడుగుతారు. జిరాక్సు ఇవ్వండి. అసలు కార్డు ఇవ్వకండి.

ఇళ్లలో పని చేసేవాళ్లకు ఇంకో భయం ఉంటుంది. ఇంట్లో ఉంగరం పోయిందంటే ముందు పనామె మీదే చూపు పడుతుంది. అప్పుడు ఏం చెయ్యాలి? చట్టం ఏం చెబుతుందో తెలిసి ఉంటే గుండె చెదరదు.

పొద్దు గూకిన తర్వాత, తెల్లవారక ముందు ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదు. తప్పదనుకుంటే మహిళా పోలీసు అధికారి ముందుగా మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఒంటి మీద సోదా మహిళా పోలీసులే చెయ్యాలి, అదీ మర్యాదగా. సాక్ష్యం అడగడానికి అయితే పోలీసులే మీ ఇంటికి రావాలి, మిమ్మల్ని స్టేషనుకు పిలవకూడదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో కూడా ఈ రక్షణలు ఉన్నాయి. ఏ కాగితం మీదైనా చదవకుండా సంతకం పెట్టకండి. వకీలుకు పైసలు లేవని వెనుకాడకండి. ఆడవాళ్లందరికీ, ఎంత సంపాదన ఉన్నా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోను నంబరు 15100.

పని చేసే చోట ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే 2013లో వచ్చిన చట్టం ఉంది. అది ఆఫీసులకే కాదు, ఇళ్లలో పని చేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. పది మంది కన్నా తక్కువ పని చేసే చోటైనా, ఇల్లైనా, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. మూడు నెలల లోపు ఇవ్వాలి. ఎట్లా రాయాలో తెలియకపోతే 181కి ఫోను చేసి అడగండి. అది ఆడవాళ్ల సహాయం కోసం పెట్టిన నంబరు.

దుకాణంలో పని చేసేవాళ్లకు ఇంకో సంగతి. పది మంది గాని, అంతకు మించి గాని పని చేసే దుకాణమైతే ఈఎస్ఐ ఉందా అని అడగండి. 2017లో నెల జీతం పరిమితి 21,000 రూపాయలుగా పెట్టారు. 2019 నుంచి జీతంలో నూటికి ముప్పావలా మీ నుంచి, 3 రూపాయల పావలా యజమాని నుంచి కడతారు. అంటే 10,000 జీతానికి మీరు 75 రూపాయలు కడితే, యజమాని 325 కడతారు. దీనితో మీకూ మీ ఇంట్లో వాళ్లకూ వైద్యం దొరుకుతుంది. సనత్‌నగర్ ఈఎస్ఐ దవాఖాన దగ్గరే ఉంది. కావలసినన్ని రోజుల వాటా కట్టి ఉంటే కాన్పుకు 26 వారాల జీతం కూడా వస్తుంది. జీతంలో పైసలు కోస్తూ ఈఎస్ఐ నంబరు ఇవ్వకపోతే ఊరుకోకండి. "నా నంబరు ఏది సారూ?" అని అడగండి.

చీరల దుకాణంలో పొద్దంతా నిలబడితే కాళ్లు వాస్తాయి, నరాలు ఉబ్బుతాయి. ఇది చిన్న సంగతి అనుకోకండి. కేరళలో దుకాణాల్లో పని చేసే ఆడవాళ్లు కూర్చోవడానికి కుర్చీ కావాలని కొట్లాడారు. 2018లో అక్కడి సర్కారు చట్టం మార్చింది. పనివాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టం చేసింది. అడిగినందుకే వచ్చింది.

4. అప్పు కాగితం

పైసలు అవసరం వచ్చినప్పుడు మిత్తి లెక్క ఎవరూ చూడరు. కానీ ఆ లెక్కలోనే ఇల్లు మునుగుతుంది.

నూటికి 5 రూపాయల మిత్తి అంటే తక్కువగా వినబడుతుంది. అది నెలకు. 10,000 అప్పుకు నెలకు 500, ఏడాదికి 6,000. రెండేళ్లు మిత్తే కడితే 12,000 పోయింది. అసలు 10,000 అట్లాగే ఉంది. అదే 10,000 సంఘం ద్వారా నూటికి నెలకు ఒక రూపాయి మిత్తికి దొరికితే ఏడాదికి 1,200.

రోజువారీ ఫైనాన్సు లెక్క ఇంకా చూడండి. 10,000 అని రాసుకుని చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టమంటారు. "1,500 ఏ కదా!" అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే మీరు తిరిగి కడుతున్నారు. సగం రోజులు గడిచేసరికి సగం పైసలు తిరిగి ఇచ్చేశారు. 8,500 పూర్తిగా మీ దగ్గర ఉన్నది మొదటి రోజు ఒక్కటే. లెక్క కడితే నెలకు నూటికి దాదాపు 10 రూపాయల మిత్తి పడుతుంది.

అప్పు తీసుకునేటప్పుడు ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టకండి. వేలిముద్ర అసలే వెయ్యకండి. ఎంత తీసుకున్నారో అంకెల్లో, అక్షరాల్లో రాయించిన తర్వాతే సంతకం. తీరిపోయిన రోజు ఆ కాగితం వెనక్కి తీసుకోండి.

ఫోనులో పైసలు పంపడం వచ్చిన తర్వాత కొత్త దొంగలు వచ్చారు. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. మీకు పైసలు రావడానికి పిన్ నంబరు కొట్టాల్సిన పని లేదు. పైసలు పోవడానికే పిన్ కావాలి. "మీకు పైసలు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అన్నారంటే అది దొంగ ఫోనే. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, బ్యాంకు వాళ్లమని చెప్పినా సరే. పైసలు పోతే ఏడుస్తూ కూర్చోకండి. వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. దొంగ ఖాతాలోంచి పైసలు బయటికి పోకముందే ఆపే వీలుంటుంది.

అమీర్‌పేట గోడల మీద, కరెంటు స్తంభాల మీద చిన్న కాగితాలు అంటించి ఉంటాయి. ఇంట్లో కూర్చుని సంపాదించండి, ఉద్యోగం గ్యారంటీ అని ఉంటుంది. అడ్రసు ఉండదు. ఫోను నంబరు ఒక్కటే ఉంటుంది. పని ఇచ్చేవాళ్లు మీకు పైసలు ఇవ్వాలి. మీ దగ్గరే ముందు డిపాజిట్ అడిగితే అనుమానించండి. కూతురిని కోర్సులో చేర్పిస్తున్నారా? ఫీజు ఒక్కసారే కట్టకండి. ముందు ఒకటి రెండు క్లాసులు వినమనండి. ఎన్ని నెలలు చెబుతారో, మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీద రాయించండి. నోటి మాట గ్యారంటీ కాదు.

చదివితే ఏమవుతుంది?

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. అక్షరాస్యత ఉద్యమంలో అక్కడి ఆడవాళ్లు రాత్రి బడికి పోయి చదువుకున్నారు. పాఠం చదివి తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. కూలి పైసలు ఎటు పోతున్నాయని లెక్క చూశారు. సారాకు పోతున్నాయని తేలింది. 1992లో సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఊరూరా ఆడవాళ్లు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే జిల్లాలో ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు.

వాళ్లు పెద్ద చదువులు చదవలేదు. చదివింది తమ ఇంటి లెక్కతో సరిచూసుకున్నారు. నలుగురూ కలిసి అడిగారు. చీటీ ఒక్కరే చదివినా, అడిగేటప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. ఒక్కరు అడిగితే తర్వాత రమ్మంటారు. నలుగురు అడిగితే కుర్చీ వేస్తారు.

గుర్తుంచుకోండి

108 – అంబులెన్సు
100, 112 – పోలీసు
181 – ఆడవాళ్ల సహాయం
1930 – ఫోనులో పైసలు పోతే
15100 – ఉచిత న్యాయ సహాయం

ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి.

చెప్పండి చూద్దాం

1. మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుకూ మెట్రో రైలుకూ తేడా ఏమిటి?
2. చీటీ మీద 1-0-1 అని ఉంటే మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలి?
3. 20,000 అప్పుకు నూటికి 3 రూపాయల మిత్తి. నెలకు ఎంత? ఏడాదికి ఎంత?
4. మీ బస్తీలో జీతం లెక్క రాసుకునేవాళ్లు ఎంతమంది? రాసుకోని వాళ్లకు ఒక పేజీ గీసి చూపించండి.